ఖాళీ తూటాకీ లెక్కుంది!

'పాత ఇత్తడి కొంటాం... రాగి కొంటాం...' రామకుప్పం వీధిలో పాతసామాన్ల బండి కేక వినపడితే చాలు, అటకమీది సొట్టబిందె కిందికి దిగుతుంది. ఇత్తడి ఎక్కడికీ పోదు. కరిగిస్తే మళ్లీ చెంబో బిందో అవుతుంది. అసలు కరిగించకుండానే మళ్లీ పనికొచ్చే ఇత్తడి కూడా ఒకటుంది. అదే... పేలిపోయిన తూటా!

తూటా అనగానే మనకు గుర్తొచ్చేది దూసుకెళ్లే గుండే. దాన్నీ మందునీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం మాత్రం కాల్చినచోటే పడిపోతుంది. అందులో దాదాపు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. మందు అంటుకోగానే ఆ గొట్టం ఉబ్బి, తుపాకీ లోపలి గోడకు అతుక్కుని, వాయువులు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. మరుక్షణం కాస్త ముడుచుకుని తేలిగ్గా బయటికొచ్చేస్తుంది. ఈ సాగే గుణం వల్లే దాన్ని సరిచేసి, కొత్త మందు నింపి మళ్లీ వాడతారు. అమెరికాలో గురిచూసి కాల్చే సరదా ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లోనే చేసుకుంటారు. సైన్యం వాడేసిన గొట్టాలంటే వాళ్లకు చవకబేరం. 2009 మార్చిలో, వాటిని నుజ్జు చేశాకే అమ్మాలని అక్కడి రక్షణశాఖ అంటే పెద్ద గగ్గోలైంది. ఇద్దరు సెనెటర్లు కల్పించుకోవడంతో కొద్దిరోజులకే వెనక్కి తగ్గింది.

మన దగ్గర కథే వేరు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లనో, ఎన్‌సీసీ కుర్రాళ్లనో 'ఖోకా' అంటే ఏంటని అడిగిచూడండి. ఖాళీ గొట్టానికి అక్కడి పేరది. కాల్పుల సాధన అయ్యాక గడ్డిలో, మట్టిలో వంగివంగి ఏరాలి. ఇచ్చిన తూటాలకీ దొరికిన ఖోకాలకీ లెక్క సరిపోవాలి. ఒక్కటి తగ్గినా మళ్లీ వెతుకులాటే! గుర్తుగా ఒకటి జేబులో వేసుకుందామంటే కుదరదు. ఎందుకింత పట్టింపు అంటారా... ఖోకా రాలేదంటే ఆ తూటా పేలిందో, పక్కదారి పట్టిందో తెలిసేదెలా? పైగా ఖాళీది మళ్లీ తూటా కాగలదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం-1959 ప్రకారం నేరం.

లెక్కలేని యుద్ధసామగ్రి తుక్కులో కలిస్తే ఏమవుతుందో 2004లో ఘాజియాబాద్‌లో చూశాం. విదేశాల నుంచి వచ్చిన తుక్కులో ఉన్న గుండ్లు ఉక్కు కర్మాగారంలో పేలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పైకి చూస్తే అదీ పాత ఇనుమే!

అందుకే అడవి అంచునో పొలం గట్టునో పిల్లలకు తూటాలాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దని చెప్పండి. ఖాళీదో కాదో మనం తేల్చనక్కర్లేదు. ఆ పని పోలీసులకు వదిలేద్దాం. బండిలో సొట్టబిందెను నిశ్చింతగా వేయండి. దీన్ని మాత్రం వేయకండి. బిందె మహా అయితే మళ్లీ బిందె అవుతుంది. ఇది ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?