సముద్రంపై మేఘాన్ని తూచే త్రాసు

చాండ్లర్‌లో వాన ఒక వార్త. ఏడాది సగటు వర్షపాతం పది అంగుళాల లోపే. జూలై, ఆగస్టు మాసాలలో ఆకాశమంత ఎత్తున దుమ్ముగోడ లేచి, దాని వెనుక నాలుగు చినుకులు రాలితే చాలు, అక్కడి తెలుగు కుటుంబాలలో పిల్లలూ పెద్దలూ వాకిట్లోకి వస్తారు. టెలివిజన్‌లో ఉపగ్రహచిత్రాన్ని చూపి, “అదిగో మేఘం” అనుకుంటారు. ఆ చిత్రం చెప్పేది మేఘం ఉన్నదన్న సంగతి మాత్రమే. అందులో నీరెంత అన్న ప్రశ్నకు ఛాయాచిత్రం వద్ద సరియైన సమాధానం లేదు. పైన మంచుపొర దట్టంగా కప్పినప్పుడు, దాని క్రింద కుంభవృష్టి ఉన్నా లేకున్నా కనిపించేది దాదాపు ఒకే తెలుపు.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన ఉపగ్రహం ఒకటి చాండ్లర్ పొరుగు ఊరిలోనే తయారైనదని ఎందరికి తెలుసునో అనుమానమే. గిల్బర్ట్‌లోని స్పెక్ట్రమ్ ఆస్ట్రో సంస్థ నిర్మించిన కొరియోలిస్ ఉపగ్రహాన్ని 2003 జనవరి 6న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుండి ప్రయోగించారు. అది మోసుకుపోయిన ‘విండ్‌శాట్’ అమెరికా నౌకాదళ పరిశోధనశాల రూపొందించిన సూక్ష్మతరంగ ఉపకరణం. దాని ముఖ్యకార్యం సముద్రంపై గాలి వేగాన్నీ, దిక్కునూ కనిపెట్టడం. కాని గాలి లెక్క తేలాలంటే మధ్యలో అడ్డుపడే మేఘాన్నీ, నీటిఆవిరినీ కూడా కొలవక తప్పదు. కనుక మేఘజలం లెక్క దానితోబాటే లభించింది.

ఇందులోని కిటుకు సముద్రానిదే. ప్రతి వస్తువూ తన వేడిమిని బట్టి సూక్ష్మతరంగాలను వెదజల్లుతుంది. ఈ విషయంలో సముద్రం పరమ లోభి. తన వేడిమికి తగినంత వెదజల్లక, ఇంచుమించు సగంతో సరిపెట్టుకుంటుంది. అందువల్ల పైనుండి చూసే సూక్ష్మతరంగ నేత్రానికి సముద్రం అతి చల్లని నేపథ్యంగా కనిపిస్తుంది. దానిపైకి మేఘం వస్తే అందులోని నీటిబిందువులు తమ వంతు తరంగాలను వెలువరించి ఆ భాగాన్ని వెచ్చగా చూపుతాయి. నీరెంత ఎక్కువైతే అంత వెచ్చన. నల్లపలకపై సుద్దగీత వంటిది ఈ దృశ్యం. నేల అట్లు కాదు. తన తరంగాలను ధారాళంగా విడుస్తుంది. తెల్లగోడపై సుద్దగీత కనిపించనట్లే నేలపై మేఘం ఆ వెలుగులో కలిసిపోతుంది. గిల్బర్ట్‌లో పుట్టిన ఉపగ్రహం పసిఫిక్ మేఘాన్ని తూచగలిగింది గాని, గిల్బర్ట్ మీది మేఘాన్ని తూచలేకపోయింది!

ఒక్క పౌనఃపున్యంతో ఈ పని కాదు. 22 నుండి 24 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో నీటిఆవిరి ప్రస్ఫుటమవుతుంది. 37 వద్ద మేఘబిందువులు. 6, 10 వద్ద సముద్రపు వేడిమి, గాలికి రేగిన అలల గరుకుదనం. అజ్ఞాతరాశులు ఎన్నో సమీకరణాలూ అన్ని కావాలని బడిలో నేర్చిన బీజగణితమే ఇక్కడి సూత్రం. ఉష్ణమండల సముద్రంపై గాలిలోని ఆవిరినంతా నీరుగా మారిస్తే అది 50 మిల్లీమీటర్ల లోతు ఉండవచ్చును. పలుచని సముద్రమేఘంలోని నీరు అందులో ఒక మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే. అంత స్వల్పమైన నీటిపొర సూర్యరశ్మిని ఎంత వెనక్కు పంపాలో నిర్ణయిస్తుంది. ఈ కొలతలో లోపాలు లేవనడం సరికాదు. వాన మొదలైతే మేఘబిందువునూ వానచినుకునూ విడదీయడం కష్టం. బాగా వాడుకలో ఉన్న ఒక గణనపద్ధతి చదరపు మీటరుకు 180 గ్రాములు దాటితే వాన ఆరంభమైనట్లు భావిస్తుంది. అది ప్రకృతి గీసిన గీత కాదు, మనుష్యులు గీసుకున్నది.

ఆంధ్రులకు ఈ కొలత పరాయిది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత రెండేండ్లలోపే, 1979 జూన్ 7న, భారతదేశపు భాస్కర ఉపగ్రహం ‘సమీర్’ అనే సూక్ష్మతరంగ ఉపకరణంతో సోవియట్ రాకెట్టుపై ఎగిరింది. 1981లో రెండవ భాస్కర వెళ్ళింది. 1999 మే 26న ఓషన్‌శాట్-1 శ్రీహరికోట నుండే లేచి, సముద్రపు వేడిమి, గాలివేగం, ఆవిరి, మేఘజలం అనే నాలుగింటినీ కొలిచే ఉపకరణాన్ని మోసింది. 2011 అక్టోబరు 12న ఫ్రాన్సుతో కలిసి పంపిన మేఘా-ట్రోపిక్స్‌లో ‘మద్రాస్’ అనే మేలైన ఉపకరణం ఉండేది. అది పదిహేను నెలలకే, 2013 జనవరిలో, మూగవోయింది. రాకెట్టు లేచిన రోజున పత్రికలలో కనిపించిన సంబరంలో పదవ వంతైనా ఆ ఉపకరణం ఆగిపోయినందుకు విచారం కనిపించలేదు. ఈ తూకం సవరించుకోవలసినది.

ఎందుకనగా ఈ శాస్త్రంలో విలువ ఒక్క కొలతది కాదు, తెగని వరుసది. అమెరికా రక్షణశాఖ వాతావరణ ఉపగ్రహాలు 1987 జూన్ నుండి ఈ వరుసను కాపాడుతూ వచ్చాయి. కొలిమానిక మార్చే ఇల్లాలు పాతదానితో కొత్తదానిని ఒకసారి కొలిచి చూసుకుంటుంది. అట్లు చూడక పాతదానిని పారవేస్తే, గాదెలో ధాన్యం పెరిగిందో మానిక చిన్నదైందో తర్వాత ఎవరు చెప్పగలరు? ఉపగ్రహాల సంగతీ ఇంతే. పాతదీ కొత్తదీ కొంతకాలం ఒకే సముద్రాన్ని చూడాలి. విండ్‌శాట్ 2020లో ఆగిపోయింది. 2025 జూన్‌లో రక్షణశాఖ ఉపగ్రహాల సమాచారం కొద్ది రోజులలోనే నిలిపివేస్తామన్న ప్రకటన వెలువడి, తుపానుల సూచకులను కలవరపరచింది. తర్వాత గడువు జూలై నెలాఖరుకు, అటుపైన 2026 సెప్టెంబరుకు జరిగింది. ఇది ఎక్కడో నిపుణుల గొడవ అని చాండ్లర్ కుటుంబాలు అనుకోరాదు. ఆ ఊరి కుళాయిలలోకి వచ్చే సాల్ట్, కొలరాడో నదుల నీటిలో అధికభాగం చలికాలంలో పసిఫిక్ నుండి వచ్చే తుపానులు కొండలపై మంచుగా కురిపించినదే. ఆ తేమ తీరం చేరకముందు దానిని తూచగలిగే త్రాసులు కొన్నే ఉన్నాయి.

కొత్తవి రాకపోలేదు. అమెరికా సైన్యపు వాతావరణ ఉపగ్రహం 2024 ఏప్రిల్‌లో, జపాను ఉపకరణం ‘ఆంసర్-3’ 2025 జూన్‌లో కక్ష్యకు చేరాయి. పాతవాటితో అవి ఎన్ని నెలలు కలిసి పనిచేస్తాయన్నదే ఇక లెక్కకు వచ్చే విషయం.