గీజర్ పాడైందా? వచ్చే నెల దాకా ఆగవద్దు



చలికాలం వచ్చిందంటే క్యాజువాలిటీకి వచ్చే కేసుల్లో కొన్నింటికి మూలం స్నానాల గదిలో ఉంటుంది. మరిగే నీళ్ళ బకెట్టు మీద పడిన పసివాడు, హీటర్ రాడ్ తగిలి షాక్ కొట్టిన ఇల్లాలు, గ్యాస్ గీజర్ ఉన్న గదిలో గడియ పెట్టుకుని స్పృహ తప్పిన కుర్రవాడు. ఏమి జరిగిందని వెంట వచ్చినవారిని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "గీజర్ పాడైందండీ, వచ్చే నెల మారుద్దామనుకున్నాము." ఆ "వచ్చే నెల" గురించే ఈసారి రాస్తున్నాను.

ఫ్రిజ్ పాడైతే ఆ రోజే మెకానిక్‌ను పిలుస్తాము. టీవీ ఆగిపోతే పిల్లలు ఊరుకోరు. గీజర్ విషయంలో మాత్రం ఎలాగో సర్దుకుంటాము. స్విచ్ రెండుసార్లు వేసి చూస్తాము, కారుతుంటే కింద మగ్గు పెడతాము, పూర్తిగా ఆగిపోతే అటక మీది రాడ్ దింపుతాము. నా అభిప్రాయంలో ఇది పొదుపు కాదు. బాలింత, పసిబిడ్డ, ముసలివారు, షుగర్ రోగి ఉన్న ఇంట్లో గీజర్ బాగోగులు కూడా మందుల ఖర్చు వంటిదే. దాన్ని వాయిదా వేసిన ప్రతి రోజూ ఇంట్లో రెండు ప్రమాదాలు ఉంటాయి. ఒకటి పాడైన గీజర్, రెండవది దాని బదులు మనం చేసుకునే తాత్కాలిక ఏర్పాటు.

గీజర్ ఇచ్చే హెచ్చరికలు

గీజర్ ఒక్కసారిగా పాడవదు, ముందుగానే చెబుతుంది. నీళ్ళు తుప్పు రంగులో రావడం, కాగేటప్పుడు లోపల టకటకమని శబ్దం రావడం, ముందు 20 నిమిషాల్లో కాగే నీళ్ళకు ఇప్పుడు 40 నిమిషాలు పట్టడం, స్విచ్ వేయగానే ఎం.సి.బి. పడిపోవడం, ప్లగ్ దగ్గర కాలిన వాసన రావడం, ట్యాంకు అడుగున చెమ్మ కనబడడం, ఇవన్నీ హెచ్చరికలే. వీటిలో అన్నిటికంటే భయపడవలసింది కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం.

"కొంచెం జివ్వుమంటోంది అంతే, చెప్పులు వేసుకుని స్నానం చేస్తున్నాము" అనేవారున్నారు. అయ్యా, అమ్మా, దయచేసి ఆ మాట అనకండి. మన చర్మం పొడిగా ఉన్నప్పుడు కరెంటును కొంతవరకు అడ్డుకుంటుంది. తడిసినప్పుడు ఆ శక్తి ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారితేనే చేతి కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలలేకపోవచ్చు. 30 దాటితే ఊపిరి కష్టమవుతుంది. 50 నుండి 100 మధ్యలో గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. మామూలు 2000 వాట్ల గీజర్ వాడే కరెంటు 8 ఆంపియర్ల పైమాట, అంటే 8000 మిల్లీ ఆంపియర్లకు పైగా. ప్రాణం తీయడానికి అందులో వందో వంతు చాలు. ఈ రోజు జివ్వుమన్న గీజర్ రేపు కూడా అంతటితో ఊరుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జివ్వుమన్న రోజే మెయిన్ ఆపి ప్లగ్ తీసివేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేవరకు దాన్ని వాడవద్దు.

ట్యాంకు పక్కన ఉండే సేఫ్టీ వాల్వు గురించి కూడా తెలుసుకోవాలి. నీళ్ళు కాగితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల ట్యాంకులో చల్లని నీళ్ళు 60 డిగ్రీలకు చేరేసరికి దాదాపు ఒక గ్లాసెడు నీళ్ళ మేర పెరుగుతాయి. ఆ ఒత్తిడి బయటకు పోవడానికే వాల్వు ఉంది, కాబట్టి కాగేటప్పుడు కొన్ని చుక్కలు కారడం తప్పు కాదు. కారుతోందని కొందరు దానికి ఎంసీల్ పెట్టి మూసేస్తారు. థర్మోస్టాట్ కూడా పాడైన రోజున ఆ ట్యాంకు పగిలిపోవచ్చు. వాల్వును ఎప్పుడూ మూయకూడదు.

రిపేరా, కొత్తదా?

ప్రతి చిన్న లోపానికీ కొత్త గీజర్ కొనమని నేను చెప్పడం లేదు. కాయిల్ కాలిపోయినా, థర్మోస్టాట్ పోయినా, గ్యాస్కెట్ పాడైనా మార్చుకోవచ్చు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో కాయిల్ చుట్టూ సున్నం గట్టిగా పేరుకుంటుంది. దాన్ని ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయిస్తే గీజర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకు బదులు అది అరిగిపోతుంది. సర్వీసింగ్ చేయించేటప్పుడు దాన్ని కూడా చూడమనండి.

అయితే ట్యాంకే కారుతుంటే రిపేరు మాట మరిచిపోండి. వెల్డింగ్ చేయించినా ఎనామిల్ పూత పోయిన చోట మళ్ళీ తుప్పు పడుతుంది. ఆ నీరు వైర్ల మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. 8, 10 ఏళ్ళు దాటిన గీజర్‌లో ఒకదాని తరువాత ఒకటి పాడవుతున్నా మార్చడమే మంచిది. మూడుసార్లు రిపేరుకు పెట్టిన డబ్బు కలిపి చూసుకుంటే కొత్తదానిలో మంచి భాగం అందులోనే పోయి ఉంటుంది.

తాత్కాలిక ఏర్పాట్లే ఎక్కువ ప్రమాదం

గీజర్ ఆగిపోగానే మనకు మొదట గుర్తొచ్చేది రాడ్. బకెట్టులో రాడ్ వేసి, అదే తడి నేల మీద నిలబడి, నీళ్ళు కాగాయో లేదోనని స్విచ్ ఆపకుండా వేలు ముంచి చూసేవారు ఎందరో. నీళ్ళు కాగుతుండగా ఫోను మోగుతుంది, వంటింట్లో పాలు పొంగుతాయి, మనిషి అటు వెళ్తుంది. పాకే బిడ్డకు బకెట్టు అంచు పట్టుకుని నిలబడడమంటే ఆట. మిగిలింది నేను రాయలేను. రాడ్‌తో ఒక రోజు గడుపుకోవచ్చేమో గాని ఒక సీజను గడపకూడదు. ఆ ఒక్క రోజైనా ప్లాస్టిక్ బకెట్టే వాడాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకిన తరువాతే నీళ్ళు ముట్టుకోవాలి. పిల్లలను ఆ గది ఛాయలకు రానివ్వకూడదు.

రెండవది గ్యాస్ గీజర్. కరెంటు బిల్లు తగ్గుతుందని చాలామంది దీనికి మారుతున్నారు. గాలి ఆడని గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, ఆ తరువాత స్పృహ తప్పడం. లోపల గడియ పెట్టి ఉంటుంది కనుక బయటివారికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. కోవిడ్ తరువాత చాలా ఇళ్ళలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంది. ఈ విషవాయువు పీల్చిన మనిషికి అది 98 అని చూపించవచ్చు. రక్తంలో ఉన్నది ఆక్సిజనో, కార్బన్ మోనాక్సైడో ఆ పరికరం తేడా కనిపెట్టలేదు. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, వెంటనే బయటి గాలికి తీసుకువచ్చి ఆసుపత్రికి చేర్చండి. గ్యాస్ గీజరే కావాలనుకుంటే దాన్ని స్నానాల గది బయట, గాలి బాగా ఆడే చోట పెట్టించండి.

మరి కొత్తది వచ్చేవరకు ఏం చేయాలి? ఆరోగ్యంగా ఉన్నవారు రెండు రోజులు చన్నీళ్ళు పోసుకుంటే ఏమీ కాదు. పడకలో ఉన్న రోగులకు వార్డులో మేము చేసేది ఇంట్లో కూడా చేయవచ్చు. ఒక చిన్న బేసిను గోరువెచ్చని నీళ్ళు, రెండు మెత్తని గుడ్డలు తీసుకోండి. ముందు ముఖం, తరువాత చేతులు, ఛాతీ, వీపు, కాళ్ళు, చివరకు మర్మావయవాలు. ఒక్కొక్క భాగం తుడిచి, ఆరబెట్టి, దుప్పటి కప్పి తరువాతి భాగానికి వెళ్ళాలి. మధ్యలో నీళ్ళు మార్చాలి. ముసలివారికి, పసివారికి ఈ పాటి శుభ్రం చాలు. దీనికి పొయ్యి మీద చిన్న గిన్నెడు నీళ్ళు కాచుకుంటే సరిపోతుంది.

కొత్తది పెట్టించేటప్పుడు

డబ్బా మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. పాత వైరు, పాత ప్లగ్ పాయింటు అలాగే ఉంచి కొత్త గీజర్ బిగిస్తే పాత ప్రమాదమే కొత్త డబ్బాలో ఉంటుంది. గీజర్‌కు 16 ఆంపియర్ల త్రీ పిన్ పాయింటు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. పాత ఇళ్ళలో ప్లగ్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి గాని లోపల ఎర్త్ వైరు కలిపి ఉండదు. ఎర్తింగ్ నిజంగా పనిచేస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి మీరు కళ్ళారా చూడండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఎం.సి.బి. ఉంది కదా అంటారు. అది వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషి గుండా కరెంటు పారితే క్షణంలో వెనుకవైపు ఆపేది ఆర్.సి.సి.బి. మాత్రమే. మిగతా ఖర్చులో ఎక్కడ తగ్గించినా దీనిలో తగ్గించవద్దు.

ఐ.ఎస్.ఐ. గుర్తు, స్టార్ లేబుల్ చూసి కొనండి. బకెట్టు స్నానం చేసే నలుగురి కుటుంబానికి 15 లీటర్లది సాధారణంగా సరిపోతుంది. చాలా అంతస్తుల అపార్టుమెంట్లో కింది అంతస్తుల వారు ట్యాంకు ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో అడగాలి, ఎందుకంటే ప్రతి 10 మీటర్ల ఎత్తుకు నీటి ఒత్తిడి ఒక బార్ పెరుగుతుంది.

వేడి ఎంత ఉండాలన్నది నర్సుగా నాకు ముఖ్యమైన ప్రశ్న. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవారి చర్మాన్ని సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చగలవు. పసివారి చర్మం పలుచన, ఇంకా తొందరగా కాలుతుంది. అదే 49 డిగ్రీల దగ్గర అంత గాయం కావడానికి నిమిషాలు పడుతుంది. కాబట్టి బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి, ఆ తరువాతే వేన్నీళ్ళు కలపండి. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెతను స్నానాల గదిలో మాత్రం చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడని మార్చుకోవాలి. బిడ్డకు స్నానం చేయించే నీళ్ళు 37, 38 డిగ్రీలు ఉంటే చాలు, మోచేతితో చూసుకోండి. బాలింతకు పొగలు కక్కే నీళ్ళు పోయాలన్న పట్టుదల మానండి. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. కాలు కాలుతున్నా వారికి తెలియదు. వారి నీళ్ళు ఇంట్లో ఇంకొకరు చూడాలి.

పాతది ఎవరికి ఇస్తున్నాము?

"ఇదంతా సరే సిస్టరమ్మా, డబ్బు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త గీజర్, ఆర్.సి.సి.బి., వైరింగ్ కలిపితే కొన్ని వేల రూపాయలవుతుంది. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మాట కాదు. అలాంటివారికి నా సలహా, పాడైన గీజర్ విప్పించి పక్కన పెట్టండి, వాయిదాల మీద దొరికేవరకు పొయ్యి మీద కాచుకోండి. గీజర్ లేకపోవడం ప్రమాదం కాదు, పాడైన గీజర్ ఉండడమే ప్రమాదం.

స్తోమత ఉన్నవారితో ఇంకొక మాట. కొత్తది కొన్నాక పాతది ఎక్కడికి పోతోంది? అద్దెకిచ్చిన పోర్షనుకు, లేదా ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఇంటికి. "మనకు పనికిరాలేదు గాని వాళ్ళకు నాలుగు రోజులు వస్తుంది" అనుకుంటాము. మన పిల్లలకు ప్రమాదమని తీసేసిన దాన్ని, కళ్ళు సరిగా కనబడని, పిలిస్తే పలికేవారు లేని ముసలివారి ఇంట్లో బిగించడం ఏ విధంగా ప్రేమ అవుతుంది? అద్దెకున్నవారి పిల్లలూ పిల్లలే. పాతదాన్ని ఎక్స్చేంజికి ఇవ్వండి, లేదా వైరు కత్తిరించి తుక్కుకు వేయండి.

ఇంత జాగ్రత్త తీసుకున్నా ప్రమాదం జరిగితే: షాక్ తగిలినవారిని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. నీళ్ళు పడి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐసు ఏదీ పెట్టవద్దు.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ స్నానాల గదిలోకి వెళ్ళి గీజర్ అడుగున చెమ్మ ఉందేమో, ప్లగ్ నల్లబడిందేమో చూడండి. తరువాత ఊళ్ళో ఉన్న మీ పెద్దవారికి ఫోన్ చేసి, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందా అని అడగండి. వాళ్ళు తమంతట తాము చెప్పరు. మనకు ఖర్చు పెట్టించడం వాళ్ళకు ఇష్టం ఉండదు.

— నర్సింగ్ సూపరింటెండెంట్