పన్ను తగ్గింది, వడ్డీ సంగతేంటి?

2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అప్పటి నుంచీ చర్చంతా పన్ను చుట్టూనే. కేంద్రం ఎంత వదులుకుంది, కంపెనీలు ఎంత మిగుల్చుకున్నాయి అన్నదే గొడవ. కొనేవాడి జేబుకు అసలు చిల్లు పడేది అప్పు కాగితం దగ్గర. దాని గురించి మాట్లాడే నాథుడు లేడు.

లెక్క చూడండి. ఏడు లక్షల కారు మీద తగ్గిన పన్ను సుమారు 60 వేలు. దానికి ఐదేళ్ల గడువుతో 5 లక్షల అప్పు కావాలంటే ‘ఎనిమిది శాతమే’ అంటాడు ఫైనాన్స్ ఏజెంటు. అది ఫ్లాట్ వడ్డీ అయితే, అసలు తీరుతున్నా ఏటా మొత్తం 5 లక్షల మీదా వడ్డీ పడుతూనే ఉంటుంది. నెలకు 11,667 చొప్పున కట్టేసరికి వడ్డీయే 2 లక్షలు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అసలు రేటు 14 శాతం పైమాటే. నిజంగా 8 శాతమే అయితే వడ్డీ లక్షా 8 వేలతో తీరేది. తేడా దాదాపు 92 వేలు! పన్నులో వచ్చిన 60 వేలూ ఇందులో కొట్టుకుపోయాయి.

అనంతపురంలో కారు కొనేది టీచర్లు, చిన్న కాంట్రాక్టర్లు, చీనీ కాయలు అమ్మిన డబ్బు చేతికొచ్చిన రైతులు. షోరూములో కూర్చోగానే ‘నెలకెంత కట్టగలవన్నా?’ అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో ధర, వడ్డీ, గడువు మూడూ మరుగున పడతాయి. ఐదేళ్లకు కుదరకపోతే ఏడేళ్లకు సాగదీస్తారు. కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్ కింద ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాక్సెసరీస్ కిట్, హ్యాండ్లింగ్ చార్జీలు వరుస కడతాయి. బీమా మీకిష్టమైన చోట తీసుకోవచ్చని చెప్పరు. ‘ఆఫర్ నెలాఖరు వరకే’ అని మాత్రం పదే పదే చెబుతారు.

ఈ తొందరకు రిజర్వు బ్యాంకు ఎప్పుడో కళ్లెం వేసింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ప్రతి రిటైల్ టర్మ్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఫీజులు కలిపిన వార్షిక రేటు అందులో కనిపించాలి. అందులో లేని చార్జీని స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. మూడు పనిదినాలు! అరగంటలో అప్పు మంజూరని గొప్పలు పోయే చోట ఈ ముక్క చెప్పేదెవరు?

కారు మీద మార్జిన్ తక్కువని డీలర్లంటారు. కావచ్చు. తగ్గే బాకీ మీదే వడ్డీ వేసే బ్యాంకులూ ఉన్నాయి. అయితే మార్జిన్ చాలకపోతే ధరలో చూపాలి గానీ, 14ను 8 అని చెప్పి రాబట్టుకోవడం వ్యాపారం కాదు, మోసం.

ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి భూమి, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు ఇచ్చిన సీమ ఇది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో వచ్చిన ఆ ఫ్యాక్టరీ కోసం ప్రభుత్వాలు పరుగులు తీశాయి. కారు కొనేవాడి సంతకం దగ్గర మాత్రం ఒక్క అధికారీ కనిపించడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట ఆదాయం పంటకోసారి వస్తుంది, వాయిదా నెలనెలా వస్తుంది. వాన తప్పితే వాయిదా తప్పుతుంది, వాయిదా తప్పితే బండి సీజవుతుంది.

షోరూముల్లో ఫ్లాట్ రేటు చెప్పడాన్ని నిషేధించాలి. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తెలుగు పత్రం ఇస్తున్నారో లేదో జిల్లా బ్యాంకర్ల సమావేశం ప్రతిసారీ లెక్క అడగాలి. అప్పటిదాకా కొనేవారే గట్టిగా నిలబడాలి. తెలుగు పత్రం చేతికి రానిదే సంతకం పెట్టకండి. మూడు పనిదినాలు మీ హక్కు; కాదన్నవారి మీద రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేయండి.