కొర్నీలియా ఉత్తరం ఎవరిది?

రోమ్‌లో ప్రభుత్వ భూమిని పేదలకు పంచాలన్నందుకు క్రీ.పూ. 133లో టిబీరియస్ గ్రాకస్‌ను చంపేశారు. తమ్ముడు గయస్ కూడా ట్రిబ్యూన్ పదవికి పోటీ చేయబోతుంటే తల్లి కొర్నీలియా వద్దని రాసిందంటారు. నేను చచ్చాక నీ ఇష్టమొచ్చినట్టు చేసుకోమంటుందామె. ఆ ఉత్తరం ముక్కలు కొర్నీలియస్ నెపోస్ రాతప్రతుల్లో మిగిలాయి.

ఇది గ్రాకస్ సోదరుల శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరమని కొందరు పండితులు అనుమానించారు. అనుమానించాల్సిందే. కన్నతల్లే కొడుకును తప్పుపట్టిందంటే భూస్వాములకు అంతకన్నా ఏం కావాలి? స్త్రీ పేరుంది కదాని మనం కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు.

కానీ ఇంత పదును, ఇంత రాజకీయం ఆడదానికెక్కడివి అనే గొణుగుడు ఉంది చూశారూ, అది సాక్ష్యం కాదు, అహంకారం. ఆమె ఉత్తరాలు తాము చదివామని సిసిరో తన ‘బ్రూటస్’లో రాశాడు. కొడుకుల వాగ్ధాటికి తల్లి భాషే మూలమన్నాడు. ఆయన చదివినవీ ఈ ముక్కలూ ఒకటేనని దీంతో తేలదు, నిజమే. ఆమె రాయగలదా అన్న ప్రశ్న మాత్రం రెండు వేల ఏళ్ల కిందటే తేలిపోయింది. ఇక పరీక్షించాల్సింది ఉత్తరంలోని లాటిన్‌ను, అది ఏ కాలానిదో, ఎవరికి లాభమో. ఆమె ఆడతనాన్ని కాదు.

రోమ్‌లో ఆమె విగ్రహానికి చెందిన పీఠం 1878లో దొరికింది. దానిమీద ఆమె పేరు పక్కన తండ్రి పేరుంది, కొడుకుల పేరుంది. ఉత్తరాల ఊసు లేదు.