ఎదుటి జట్టు ఉండాలి

1892 డిసెంబర్ 27న, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో సాల్స్‌బరీ అనే చిన్న పట్నంలో, కురుస్తున్న మంచును లెక్కచేయకుండా రెండు నల్లజాతి కళాశాలల విద్యార్థులు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడారు. ఆతిథ్యమిచ్చింది ఆ ఊరి లివింగ్‌స్టన్ కళాశాల. నలభై మైళ్ల దూరంలోని షార్లెట్ నుంచి తరలివచ్చింది బిడిల్ విశ్వవిద్యాలయం, అంటే ఇవాళ్టి జాన్సన్ సి. స్మిత్ విశ్వవిద్యాలయం. నల్లజాతి కళాశాలల మధ్య జరిగిన మొట్టమొదటి ఫుట్‌బాల్ పోటీ అదే. బానిసత్వం రాజ్యాంగరీత్యా రద్దయి అప్పటికి ఇరవై ఏడేళ్లే. బానిసకు అక్షరం నేర్పడమే నేరమైన కాలాన్ని కళ్లారా చూసిన తరం కన్న బిడ్డలు ఆ రోజు బరిలో దిగారు. నూట ముప్పై ఏళ్లు దాటిన ఆ పొరుగు పోటీ ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరిందో, దారిలో ఏం సంపాదించి ఏం పోగొట్టుకుందో తలచుకోవడం ఉచితం.

ఆనాటి ఏర్పాట్లు వింటే నేటి స్టేడియాల హంగుకు అలవాటుపడ్డవారు నమ్మలేరు. లివింగ్‌స్టన్‌లో జట్టు కట్టి కొన్ని నెలలే అయింది. ఆట దుస్తులు కళాశాల కుట్టుపని విభాగంలోని అమ్మాయిలే కుట్టిపెట్టారు. రోజూ తొడుక్కునే బూట్లకే అడుగున క్లీట్లు బిగించుకుని కుర్రాళ్లు మైదానంలోకి వచ్చారు. మైదానమన్నది కళాశాల ముందరి పచ్చిక. ఆట మధ్యలో చేజారిన బంతిని అందుకుని డబ్ల్యూ.జె. ట్రెంట్ అనే లివింగ్‌స్టన్ ఆటగాడు గోల్ గీత దాటేశాడు. బంతి దొరికింది హద్దుకు అవతల కదా అని బిడిల్ పట్టుబట్టింది. హద్దు గీతలు అప్పటికే మంచు కింద మాయమయ్యాయి. అంపైర్ బిడిల్ మాటే నెగ్గించాడు, ఆటా బిడిల్‌దే అయింది. ఆ ట్రెంటే 1925లో లివింగ్‌స్టన్‌కు అధ్యక్షుడై 1957 దాకా దాన్ని నడిపించాడు. నాటి తీర్పు తప్పేనని వాదించేవారు సాల్స్‌బరీలో నేటికీ ఉన్నారంటే మాకు ఆశ్చర్యం లేదు. పొరుగువాడి చేతిలో ఓటమికి కాలదోషం పట్టదు.

ఆ పోటీ మొదలైన పదేళ్లలోపే ఆ రాష్ట్రంలో నల్లవారి ముందు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 1896లో ప్లెస్సీ కేసు తీర్పుతో సుప్రీంకోర్టు 'వేరైనా సమానమే' అనే సిద్ధాంతానికి ముద్ర వేసింది. 1898 నవంబర్‌లో విల్మింగ్టన్ నగరంలో ఎన్నికైన పాలకవర్గాన్ని తెల్లజాతి ఆధిపత్యవాదులు ఆయుధాలతో కూలదోసి నల్లవారిని ఊచకోత కోశారు. 1900లో అక్షరాస్యత పరీక్ష పేరిట రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి వారి ఓటునూ లాగేసుకున్నారు. ఈ చీకటిలోనే కళాశాలలు వేళ్లూనుకోవడం చరిత్రలోని విచిత్రం. తెల్లవారి కళాశాలలో నల్లవారిని చేర్చుకోని రాష్ట్రం వారికి వేరే సంస్థ చూపించాలని 1890 నాటి రెండో మోరిల్ చట్టం షరతు పెట్టగా, 1891లో పుట్టి గ్రీన్స్‌బరోలో స్థిరపడ్డది నేటి నార్త్ కరోలినా ఎ అండ్ టి. డర్హమ్‌లో జేమ్స్ ఇ. షెపర్డ్ 1910లో ఆరంభించిన పాఠశాల నేటి నార్త్ కరోలినా సెంట్రల్. తెల్లవారి క్రీడా సంఘాల్లో చోటు లేని కళాశాలలు కొన్ని 1912లో వర్జీనియాలోని హాంప్టన్‌లో సమావేశమై సి.ఐ.ఎ.ఎ. అనే సొంత సంఘాన్ని నిర్మించుకున్నాయి. రాలీ నగరంలోని షా విశ్వవిద్యాలయం దాని వ్యవస్థాపకుల్లో ఒకటి.

గ్రీన్స్‌బరో, డర్హమ్ జట్లు 1920లలో తలపడటం మొదలుపెట్టే నాటికి పరిస్థితి ఇదీ: తెల్ల కళాశాలలు వీరితో ఆడవు, పెద్ద పత్రికలు వీరి ఆటను పట్టించుకోవు. వీరి గెలుపును గుర్తించేది, వీరి ఓటమికి చప్పట్లు కొట్టేది యాభై మైళ్ల అవతలి మరో నల్లజాతి కళాశాల మాత్రమే. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మన సామెత. అత్త కొట్టడం ఎలాగూ రోజూ ఉన్నదే అయినప్పుడు, తోడికోడలి ముందు తలెత్తుకు తిరగాలన్న పంతమే మనిషిని నిలబెడుతుంది. పక్క కళాశాల కొత్త శిక్షకుణ్ని తెస్తే తామూ తేవాలి, వాళ్ల బ్యాండు కొత్త ఎత్తుగడ వేస్తే తాము దాన్ని మించాలి. కొలిచేవారు లేని లోకంలో ఈ కళాశాలలు ఒకదాన్నొకటి కొలుచుకుంటూ ఎదిగాయి.

అయితే డర్హమ్ సెంట్రల్‌కు అసలు పొరుగు గ్రీన్స్‌బరో కానే కాదు. అదే ఊళ్లో, కొద్ది మైళ్ల దూరంలో, సిరిసంపదలతో తులతూగే డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. భూగోళం ఇచ్చిన ఆ పొరుగును చట్టం నిషేధించింది. ఆ నిషేధాన్ని దాటిన ఉదంతం ఒకటుంది. సెంట్రల్ బాస్కెట్‌బాల్ శిక్షకుడు జాన్ మెక్‌లెండన్ కాన్సస్ విశ్వవిద్యాలయంలో, బాస్కెట్‌బాల్‌ను సృష్టించిన జేమ్స్ నైస్మిత్ దగ్గరే ఆ ఆట మర్మాలు నేర్చుకున్నవాడు. చర్మం రంగు కారణంగా అక్కడి జట్టులో మాత్రం ఆడనివ్వలేదు. 1944 మార్చి 12, ఆదివారం ఉదయం, ఊరంతా చర్చిల్లో ఉన్న వేళ చూసుకుని, డ్యూక్ వైద్య కళాశాల జట్టు గుట్టుగా సెంట్రల్ వ్యాయామశాలకు చేరింది. లోపలి నుంచి తలుపులు వేసేశారు. ప్రేక్షకులు లేరు. మెక్‌లెండన్ శిష్యులు ఊపిరి సలపనివ్వని వేగంతో 88-44 తేడాతో గెలిచారు. ఆ తర్వాత జరిగింది ఇంకా గొప్పది: ఇరుజట్ల వారూ కలగలిసి రెండు కొత్త జట్లుగా విడిపోయి మరో ఆట ఆడారు. బయట తెలిస్తే కొలువులు పోతాయి, బహుశా ప్రాణాలూ పోతాయి. అందుకే తెలిసినవారు నోరు విప్పలేదు. ఈ కథను చరిత్రకారుడు స్కాట్ ఎల్స్‌వర్త్ 1996లో ప్రచురించేదాకా, అంటే యాభై రెండేళ్లపాటు, లోకానికి తెలియనే తెలియదు. మామూలు పోటీకి అవకాశమిచ్చి ఉంటే ఆ నగరంలో ఏటా ఎంత గొప్ప ఆట సాగేదో!

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన రెండు దశాబ్దాలు ఈ కళాశాలల క్రీడకు స్వర్ణయుగం. 1946లో సి.ఐ.ఎ.ఎ. బాస్కెట్‌బాల్ టోర్నమెంటు మొదలైంది. అదే ఏడు విన్‌స్టన్-సేలమ్ కళాశాల జట్టు పగ్గాలు అందుకున్న క్లారెన్స్ 'బిగ్ హౌస్' గెయిన్స్ 1993 దాకా ఒకే కళాశాలలో ఉండి 828 విజయాలు సాధించాడు. 1967లో ఎర్ల్ మన్రో ఆటతో ఆ కళాశాల ఎన్.సి.ఎ.ఎ. కాలేజ్ డివిజన్ టైటిల్‌ను గెలిచింది. ఇదే కాలంలో ఈ ప్రాంగణాలు ఆటకన్నా పెద్ద పనికి నడుం కట్టాయి. 1960 ఫిబ్రవరి 1న ఎ అండ్ టి మొదటి సంవత్సరం విద్యార్థులు నలుగురు గ్రీన్స్‌బరోలోని వూల్‌వర్త్ దుకాణంలో, తెల్లవారికే వడ్డించే బల్ల దగ్గర కూర్చుని లేచేది లేదన్నారు. వారం తిరిగేసరికి డర్హమ్‌లో సెంట్రల్ విద్యార్థులూ కూర్చున్నారు, విన్‌స్టన్-సేలమ్‌లోనూ సత్యాగ్రహం మొదలైంది. ఏప్రిల్‌లో రాలీలోని షా ప్రాంగణంలో, ఆ కళాశాల పూర్వ విద్యార్థిని ఎల్లా బేకర్ చొరవతో విద్యార్థి ఉద్యమ సంఘం ఎస్.ఎన్.సి.సి. పుట్టింది. మైదానంలో బద్ధవిరోధులైన ఊళ్ల పేర్లే ఈ వరుసలో కనబడతాయి. ఒకరికొకరు పోటీగా పెరిగినవారు ఒకరికొకరు అండగా నిలవడానికి వారం చాలింది. 1963లో గ్రీన్స్‌బరో ఊరేగింపులకు ముందు నడిచిన విద్యార్థి నాయకుడు జెస్సీ జాక్సన్ ఎ అండ్ టి ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్. దీనికి చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు: 1969 మేలో నేషనల్ గార్డు దళాలు ఎ అండ్ టి వసతిగృహంలోకి చొరబడ్డ రోజుల్లో ఒక విద్యార్థి తూటాకు బలయ్యాడు.

తలుపులు తెరుచుకున్నాయి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం క్రీడా స్కాలర్‌షిప్ ఇచ్చి చేర్చుకున్న తొలి నల్లజాతి ఆటగాడు చార్లీ స్కాట్. ఆయన చేరింది 1966లో. న్యాయం జరిగింది, సందేహం లేదు. కానీ ఆ న్యాయం తాలూకు బిల్లు నల్లజాతి కళాశాలల పేర వచ్చింది. ఒకప్పుడు గెయిన్స్ గడప తొక్కక తప్పని ప్రతిభావంతులకు ఇప్పుడు టీవీ ఒప్పందాలున్న పెద్ద విశ్వవిద్యాలయాలు ఎర్ర తివాచీ పరిచాయి. నల్లజాతి కళాశాలల శిక్షకులకు మాత్రం ఆ తివాచీ చాలాకాలం పరవలేదు. 2021లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. జరిపిన ఆటగాళ్ల ఎంపిక (డ్రాఫ్ట్)లో దేశం మొత్తం మీద నల్లజాతి కళాశాలల నుంచి ఒక్క ఆటగాడూ ఎంపిక కాలేదు. అదే ఏడాది నుంచి ఆటగాళ్లు తమ పేరుప్రతిష్ఠలతో సంపాదించుకునే హక్కు, కళాశాల మారే స్వేచ్ఛ రెండూ పెరిగాయి. ఆటగాడి పక్షాన చూస్తే రెండూ సబబే. చిన్న కళాశాల మూడేళ్లు తీర్చిదిద్దిన కుర్రాణ్ని నాలుగో ఏట పెద్ద కళాశాల తన్నుకుపోతుందన్నది మరో పక్షం.

అయినా మైదానం ఖాళీ కాలేదు. ఎ అండ్ టి నేడు విద్యార్థుల సంఖ్యలో దేశంలోనే అతిపెద్ద నల్లజాతి విశ్వవిద్యాలయం. నల్లజాతి కళాశాలల జాతీయ కిరీటంగా భావించే సెలబ్రేషన్ బౌల్‌ను 2015లో, ఆపై 2017 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచింది. 2022లో ఆ కిరీటం సెంట్రల్ తలకెక్కింది. పూర్వ విద్యార్థుల పునస్సమాగమ వారంలో గ్రీన్స్‌బరో వీధులు నీలం-బంగారు రంగుల్లో మునిగిపోతాయి. ఆట విరామంలో ఎవరూ సీటు వదలరు, ఎందుకంటే బ్యాండ్ల పోరు అప్పుడే. ఆ బ్యాండ్ల మాట వచ్చింది కాబట్టి చేదు నిజం ఒకటి చెప్పుకోక తప్పదు: 2011 నవంబర్‌లో ఫ్లోరిడాలో ఇలాంటి పొరుగు పోటీ ముగిసిన రాత్రి, పేరుమోసిన కళాశాల బ్యాండులో సభ్యుడైన విద్యార్థి ర్యాగింగ్ దెబ్బలకు చనిపోయాడు. సంప్రదాయమనే పేరు పెట్టి ఏదైనా సహించవచ్చనుకునే చోట ఇది జరుగుతుంది. దాన్ని మరిచి బ్యాండ్లను పొగడటం మాకు చేతకాదు.

ఇప్పుడు మరో కలవరం. 1970లో ఎ అండ్ టి, సెంట్రల్ కలిసి వ్యవస్థాపకులుగా ఉన్న ఎం.ఇ.ఎ.సి. లీగ్‌ను ఎ అండ్ టి 2021లో విడిచి వేరే దారి పట్టింది. ప్రయాణ ఖర్చులు, ప్రచారం, ఆదాయం దృష్ట్యా దాని లెక్కలు దానికున్నాయి. ఒకనాడు లీగ్ పట్టికలో తప్పనిసరిగా ఉండే పోటీ ఇప్పుడు ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకుంటేనే జరిగే ఆట. సి.ఐ.ఎ.ఎ. టోర్నమెంటు పదిహేనేళ్లు షార్లెట్‌లో సాగి, 2021 నుంచి బాల్టిమోర్‌కు కేటాయించబడింది. ఇక సాల్స్‌బరీ నుంచి షార్లెట్ వెళ్లే దారిలోనే, కాంకర్డ్‌లో ఉన్న బార్బర్-స్కోషియా కళాశాల 2004లో విద్యాపరమైన గుర్తింపు పోగొట్టుకుని నీడగా మిగిలింది. రాలీలో షా విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో, 1867 నుంచి ఉన్న సెయింట్ అగస్టీన్స్ గుర్తింపు 2023 డిసెంబర్ నుంచి ప్రమాదంలో పడింది. దాని విరోధి షా సంతోషిస్తుందా? ఎదురుగా నిలబడేవాడు పోయాక గెలుపు ఎవరి మీద?

ఈ బలహీనత కళాశాలల చేతగానితనం వల్ల మాత్రమే వచ్చిందనేవారు ఒక లెక్క చూడాలి. 2023 సెప్టెంబర్‌లో అమెరికా విద్య, వ్యవసాయ మంత్రులు పదహారు రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. 1890 చట్టం కింద వెలసిన నల్లజాతి విశ్వవిద్యాలయాలకు, అదే రాష్ట్రంలోని తెల్లవారి సంస్థలతో సమానంగా ఇవ్వవలసిన నిధుల్లో మూడు దశాబ్దాల కాలంలో 1,200 కోట్ల డాలర్లకు పైగా ఎగవేశారని ఆ లేఖల సారాంశం. ఒక్క ఎ అండ్ టి వాటాయే 200 కోట్ల డాలర్లు దాటింది. 'వేరైనా సమానమే' అన్న మాటలో వేరు చట్టం నుంచి తొలగింది, సమానం ఇంకా రాలేదు. ఈ బాకీ తీర్చకుండా ఏ లీగ్ మారితే ఎంత లాభమని చర్చించడం పక్కదారి. బాకీ తీరాలి, తీరేదాకా ఎంత దూరపు లీగుల్లో ఆడినా ఏడాదికి ఒక్కరోజు పొరుగు జట్టుకు కేటాయించాలని ఈ కళాశాలలు తమంతట తామే కట్టుబాటు చేసుకోవాలి. బిడిల్ వారసులు, లివింగ్‌స్టన్ వారు 1892 స్మారకంగా నేటికీ తలపడుతున్నారు. పెద్ద సంస్థలు ఈ చిన్న కళాశాలల నుంచి నేర్చుకోవలసింది ఉంది.

షార్లెట్, క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో నేడు వేలాది తెలుగు కుటుంబాలు కాపురముంటున్నాయి. పిల్లల్ని డ్యూక్‌లో చేర్చాలని కలలు కనే ఆ తల్లిదండ్రులు ఈ ఊళ్ల మధ్య పరచుకున్న హైవే మీద ఎన్నిసార్లు తిరిగినా, పక్కనే ఉన్న ఈ ప్రాంగణాల గేటు దాటినవారు తక్కువ. వచ్చే సీజన్‌లో గ్రీన్స్‌బరో, డర్హమ్ జట్లు ఎదురుపడే రోజు కనుక్కుని పిల్లల్ని తీసుకుని వెళ్లండి. టికెట్ డబ్బు ఆ కళాశాలకు చేరుతుంది. విరామంలో తినుబండారాల కోసం లేవకండి, బ్యాండు వచ్చేది అప్పుడే.