ఒకే బస్టాండ్, ఐదు జట్లు: డిగ్రీలో చేరే ఆటగాళ్లు ముందే అడగాల్సిన సంగతులు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ఉదయం ఎనిమిదింటికి ఐదుగురు వాలీబాల్ కుర్రాళ్లు నిలబడ్డారనుకుందాం. ఒకరు నగరంలోనే బీకామ్ చదువుతున్నారు. ఒకరు మైలవరం వెళ్లి ఇంజనీరింగ్, ఒకరు సిద్ధార్థ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్. నాలుగో అబ్బాయి ప్రకాశం బ్యారేజీ దాటి వడ్డేశ్వరంలోని డీమ్డ్ యూనివర్సిటీకి, ఐదో అబ్బాయి ఇంకాస్త దూరం పోయి తెనాలిలో డిగ్రీ కాలేజీకి వెళ్తారు.

చిన్నప్పటి నుంచి ఒకే గ్రౌండ్‌లో ఆడినా ఈ ఐదుగురూ యూనివర్సిటీ స్థాయిలో ఒకే జట్టుకు ఆడలేరు. బీకామ్ అబ్బాయిది మచిలీపట్నంలోని కృష్ణా యూనివర్సిటీ. మైలవరం అబ్బాయిది కాకినాడ జేఎన్‌టీయూ. మెడికో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వస్తారు. వడ్డేశ్వరం అబ్బాయికి తన క్యాంపస్సే యూనివర్సిటీ. తెనాలి అబ్బాయిది ఆచార్య నాగార్జున యూనివర్సిటీ. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరిన స్నేహితుడు కూడా ఉంటే ఆరో జట్టు. వ్యవసాయ యూనివర్సిటీలకు విడిగా అఖిల భారత పోటీలు కూడా జరుగుతాయి.

డిగ్రీ, ఇంజనీరింగ్ సీట్లలో చేరేటప్పుడు ఫీజు, హాస్టల్, ప్లేస్‌మెంట్లు అన్నీ అడుగుతాం. ఆడే పిల్లలున్న ఇళ్లలో కూడా ‘ఈ కాలేజీ ఏ యూనివర్సిటీ తరఫున ఆడుతుంది, ఇక్కడ పీడీ ఉన్నారా’ అని అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల మీదే తర్వాత ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఆధారపడి ఉంటుంది.

ఎవరు ఎవరితో ఆడతారు?

దేశంలో యూనివర్సిటీల మధ్య పోటీలను నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైంది. దేశాన్ని నాలుగు జోన్లుగా విడగొడుతుంది. మనది సౌత్ జోన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి యూనివర్సిటీలన్నీ ఇందులోకే వస్తాయి. కబడ్డీ, వాలీబాల్ లాంటి జట్టు ఆటల్లో మామూలుగా ఒక్కో జోన్ నుంచి మొదటి నాలుగు జట్లు అఖిల భారత పోటీలకు వెళ్తాయి. కొన్ని వ్యక్తిగత క్రీడలకు జోన్ దశ ఉండదు, నేరుగా అఖిల భారత పోటీలే.

ఆ జోన్ పోటీ దాకా వెళ్లాలంటే కింద ఇంకో మెట్టుంది. ఒకే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీల మధ్య ఇంటర్ కాలేజియేట్ పోటీలు జరుగుతాయి. అక్కడ సెలెక్షన్ ట్రయల్స్ పెట్టి ఒక జట్టును తీస్తారు. యూనివర్సిటీకి ఒక్క జట్టే.

అసమానత ఇక్కడే మొదలవుతుంది. కృష్ణా యూనివర్సిటీ జట్టులో చోటు కోసం బెజవాడ, గుడివాడ, ఉయ్యూరు, బందరు, నూజివీడు కాలేజీల పిల్లలంతా పోటీ పడాలి. డీమ్డ్ యూనివర్సిటీ విద్యార్థి తన యూనివర్సిటీ పిల్లలతో పోటీ పడితే సరిపోతుంది. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న కృష్ణా, గుంటూరు ఇంజనీరింగ్ విద్యార్థులు గోదావరి జిల్లాల వాళ్లతో కూడా తేల్చుకోవాలి. ఆట ఒకటే, పైన సర్టిఫికెట్ విలువా ఒకటే, మధ్యలో గేట్లు మాత్రం వేర్వేరు వెడల్పులు.

దూరం లెక్కలూ విచిత్రంగానే ఉంటాయి. విజయవాడ డిగ్రీ విద్యార్థికి నాగార్జున యూనివర్సిటీ గుంటూరు దారిలో పక్కనే ఉన్నట్టు. కానీ 2008లో కృష్ణా యూనివర్సిటీ ఏర్పడ్డాక ట్రయల్స్‌కు, సంతకాలకు డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న బందరు వైపు చూడాలి. 2022లో జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా అనుబంధం మారలేదు.

అమెరికాలో గొడవ కూడా ఇదేనా?

అమెరికాలో చదివే పిల్లలు ఫుట్‌బాల్ రోజున స్టేడియం ఫొటోలు పంపితే, కాలేజీ ఆటకు లక్షమంది ఏమిటని ఇక్కడ అమ్మానాన్నలు ఆశ్చర్యపోతుంటారు. అక్కడి అభిమానులు ఏడాదంతా వాదించుకునేవి మూడే: మన కాలేజీ ఏ ‘కాన్ఫరెన్స్’లో ఉండాలి, మంచి ఆటగాళ్లను ఎవరు చేర్చుకుంటున్నారు, ఆటల విభాగాన్ని నడిపే అథ్లెటిక్ డైరెక్టర్ సమర్థుడేనా. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల బృందం. 2024 ఆగస్టులో యూసీఎల్ఏ, సదరన్ కాలిఫోర్నియా, ఓరెగన్, వాషింగ్టన్ పశ్చిమ తీరంలోని తమ పాత బృందాన్ని వదిలి, ప్రధానంగా మధ్య, తూర్పు రాష్ట్రాల యూనివర్సిటీలుండే బిగ్ టెన్‌లో చేరాయి. టీవీ హక్కుల డబ్బే అందుకు ప్రధాన కారణం. 2025 జూలై నుంచి అక్కడి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా వాటా ఇచ్చే పద్ధతి వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

మన దగ్గర టీవీ డబ్బు లేదు, స్టేడియం నిండదు. అయినా గ్రౌండ్ గట్టు మీద పాత ఆటగాళ్లు కూర్చుంటే నడిచే వాదనలు అవే మూడు. ఎవరి కింద ఆడుతున్నాం, ఎవరు ఎగరేసుకుపోతున్నారు, నడిపించేవాడు ఎవడు. తేడా ఏమిటంటే అక్కడ జట్టు ఓడితే అభిమాని బాధపడతాడు. ఇక్కడ ఎంట్రీ ఫారం ఆలస్యమైతే ఒక పిల్ల ఉద్యోగ అవకాశం పోతుంది.

ఆ సర్టిఫికెట్‌కు అంత విలువ ఎందుకు?

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో 5 శాతం వరకు క్రీడాకారులతో నింపవచ్చు. అర్హత చూపడానికి వేర్వేరు ఫారాలున్నాయి. దేశానికి ఆడితే ఫారం 1, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడితే ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడితే ఫారం 4. ప్రాధాన్య క్రమంలో అంతర్జాతీయ ఆటగాళ్లు మొదట, జాతీయ పోటీల్లో మొదటి మూడు స్థానాల వాళ్లు తర్వాత, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మొదటి మూడు స్థానాల వాళ్లు ఆ తర్వాత వస్తారు. పతకం రాకుండా పాల్గొన్నవాళ్లకూ చివర్లో చోటుంది.

రాష్ట్రంలో 2024 నవంబరులో ఆమోదించిన కొత్త క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 421 టీచర్ పోస్టులను ఈ కోటాకు కేటాయించి, దరఖాస్తులను శాప్ ద్వారా తీసుకున్నారు. రాష్ట్ర కోటాకు ఏ ఆటలు చెల్లుతాయి, ఏ స్థాయికి ఎంత ప్రాధాన్యం అన్నది కేంద్ర నిబంధనలకు అచ్చుగుద్దినట్టు ఉండదు. ఆయా నోటిఫికేషన్‌లోని జాబితానే చూసుకోవాలి.

ఇంకో అపోహ కూడా ఉంది. పండగ టోర్నీలు, ఓపెన్ కప్పులు, 2023 డిసెంబరులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ లాంటి పోటీల సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా పై నాలుగు ఫారాల్లో ఒక్కదానిలోకీ రావు. ఆ పోటీలు ఆటకు మంచివే. కానీ ఫైలు నిండా సర్టిఫికెట్లు పెట్టుకుని వెరిఫికేషన్ బల్ల దగ్గర నిలబడ్డాక ఈ సంగతి తెలియడం మంచిది కాదు.

మన పిల్లల్ని ఎగరేసుకుపోతున్నారా?

ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలు ఫీజు రాయితీ చూపించి ఆటగాళ్లను చేర్చుకుంటున్నాయని ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీల వైపు నుంచి ఫిర్యాదు ఉంది. ఫలితాలు చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. 2020లో భువనేశ్వర్‌లో జరిగిన తొలి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో ఓవరాల్ టైటిల్ పంజాబ్ యూనివర్సిటీది. 2022లో బెంగళూరులో జరిగిన రెండో పోటీల్లో ఆతిథ్య జైన్ యూనివర్సిటీది. దశాబ్దాలుగా ఎక్కువగా అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ యూనివర్సిటీ ఇంటికి వెళ్లిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ 2024కు గాను ప్రైవేటు చండీగఢ్ యూనివర్సిటీకి దక్కింది. సౌత్ జోన్ వాలీబాల్‌లో మనవాళ్లు ఎదుర్కోవాల్సిన ఎస్ఆర్ఎం కూడా ప్రైవేటుదే. అయితే అదే జోన్‌లో కేరళ ప్రభుత్వ యూనివర్సిటీ కాలికట్ కూడా బలమైన జట్టే. కాబట్టి ఓటమికి ప్రైవేటు వాళ్లనే కారణంగా చూపలేం.

ఈ ఫిర్యాదులో నాకు పెద్దగా పస కనిపించదు. ఫీజు మాఫీ, తిండి, కోచ్ దొరికే చోటికి పిల్లవాడు వెళ్తే తప్పేముంది? విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ కేఎల్ యూనివర్సిటీలో చదువుకుంటూనే ప్రపంచ స్థాయి పోటీలు ఆడారు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. ఆమె విల్లు పట్టింది కాలేజీలో చేరాక కాదు, అంతకు చాలా ముందు. కాలేజీ చేయగలిగింది ఆటకు, చదువుకు మధ్య దారి ఇవ్వడం. ఆ దారి ఎవరిచ్చినా సరే.

అసలు పోతున్నది ఇంకో చోట. పదో తరగతి దాకా ఆడిన పిల్లలు ఇంటర్‌లో గ్రౌండ్ లేని రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో చేరి రెండేళ్లు బంతి ముట్టరు. విజయవాడ చుట్టుపక్కల ఇది ఎవరికీ కొత్త కాదు. ఆ రెండేళ్ల తర్వాత ఏ యూనివర్సిటీ అయినా వెతికి చేర్చుకోవడానికి మిగిలేది కొద్దిమందే.

పీడీ లేకపోతే ఏం ఆగిపోతుంది?

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద సమస్యగా కనిపించేది ఇదే. వ్యాయామ విద్య డైరెక్టర్‌ను మనం పీడీ సార్, పీడీ మేడమ్ అంటాం. విజిల్ ఊదే మనిషి అనుకుంటాం. ఇంటర్ కాలేజియేట్ షెడ్యూల్ రాగానే నోటీసు బోర్డులో పెట్టడం, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్ చూసి అర్హత ఫారం నింపడం, ప్రిన్సిపాల్ సంతకం చేయించి గడువులోగా పంపడం, అమ్మాయిల జట్టుతో వెళ్లే మహిళా సిబ్బందిని చూడడం, ఆడి వచ్చిన రోజులకు హాజరు వేయించడం, సెమిస్టర్ ఇంటర్నల్ పరీక్ష తేదీ మార్పించడం, ఇదంతా ఆ ఒక్కరి పని. విద్యార్థి నేరుగా వెళ్లి ట్రయల్స్‌లో నిలబడటం కుదరదు. కాలేజీ ఎంట్రీ పంపాలి.

యూజీసీ 2018 నిబంధనలు కాలేజీ పీడీకి అధ్యాపకుడితో సమానమైన అర్హతలే పెట్టాయి. దానికి తోడు పరుగు పరీక్ష కూడా ఉంది. 30 ఏళ్ల లోపు పురుషులు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పూర్తి చేయాలి. (గ్రౌండ్ లేని కాలేజీలో ఆ పరీక్ష ఎక్కడ పెడతారన్నది వేరే సంగతి.) చాలా ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో ఈ బాధ్యతను ఏదో సబ్జెక్టు లెక్చరర్‌కు అదనంగా అంటగడతారు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే ప్రక్రియ నడిచింది. అప్పుడు సిబ్బందిని అప్పగించిన కాలేజీల్లో ఎయిడెడ్ పీడీ ఉంటే ఆయనా వెళ్లినట్టే. ఖాళీని కాలేజీయే సొంత డబ్బుతో నింపుకోవాలి.

‘ఎప్పుడూ ఆ రెండు మూడు కాలేజీల వాళ్లనే తీసుకుంటారు’ అన్న ఫిర్యాదును కూడా ఈ వెలుగులో చూడాలి. సెలెక్షన్లలో పక్షపాతం ఉండదని కాదు. కానీ పూర్తికాలం పీడీ ఉన్న కాలేజీ ప్రతి ఆటకూ ఎంట్రీ పంపుతుంది, మిగతా కాలేజీలు పంపవు. రాని వాళ్లను ఏ సెలెక్టరూ తీసుకోలేడు. ట్రయల్స్‌కు ఎన్ని కాలేజీలు వచ్చాయి, ఎవరెవరు సెలెక్టర్లు, ఎవరికి ఏ ఆధారంతో చోటిచ్చారన్న జాబితాను యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెడితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. అది ఖర్చు లేని పని.

చేరే ముందు, చేరాక

ఏఐయూ పోటీలకు వయసు జూలై 1 నాటికి 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. ఇంటర్ పాసై ఎనిమిదేళ్లు దాటకూడదు. కనీసం ఏడాది కాలవ్యవధి ఉన్న రెగ్యులర్ కోర్సులో ఉండాలి. దూరవిద్యలో చేరితే ఆడే అర్హత పోతుంది. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్య డిగ్రీ చాలనుకునే ఆటగాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

కాలేజీకి వెళ్లినప్పుడు గ్రౌండ్ చూపించమని అడగండి. దాంతోపాటు పోయిన ఏడాది ఏయే ఆటలకు ఎంట్రీ పంపారు, యూనివర్సిటీ జట్టులోకి ఎంతమంది వెళ్లారు, ప్రయాణ ఖర్చు ఎవరిచ్చారు అని కూడా అడగండి. పీడీ ఉంటే పది నిమిషాల్లో రిజిస్టర్ తీసి చూపిస్తారు. ఫీజు రసీదులో గేమ్స్ ఫీజు వరుస ఉంటే ఆ డబ్బు ఎటు పోతోందని అడగడం మీ హక్కు. ప్రభుత్వ యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీ అయితే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆడి వచ్చాక ఫారం 3ని ఆ ఏడాదే తీసుకోండి. దాని మీద కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం చెల్లదు. యూనివర్సిటీలో క్రీడల డీన్, డైరెక్టర్, లేదా మొత్తం క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకం, పేరు, హోదా, ముద్ర ఉండాలి. టోర్నీ పేరు, జరిగిన చోటు, తేదీలు, వచ్చిన స్థానం, అన్నీ నింపి ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఏళ్ల తర్వాత నోటిఫికేషన్ పడ్డాక సంతకం కోసం వెళ్తే, ఆనాటి అధికారి మారి ఉంటారు, రికార్డు బయటికి తీయడానికి మళ్లీ బందరు బస్సు ఎక్కాలి.