చీకటిబాటన బండి నడిపిన మైరీ

మైరీ చిజమ్ పొందిన పతకములను లెక్కించి చెప్పువారు కలరు. ఆ పతకములు చెప్పని సంగతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిని. ప్రథమ ప్రపంచ సంగ్రామము మొదలైన 1914లో, పదునెనిమిదేండ్ల యీ స్కాట్లండు వంశజ, మోటారు సైకిలు స్వారీ మూలమున స్నేహితురాలైన ఎల్సీ నాకర్‌తో గూడి, డాక్టరు హెక్టర్ మన్రో అంబులెన్సు దళమున చేరి బెల్జియమునకు బోయెను.

గాయపడిన సైనికులలో పెక్కురు గాయముచేత గాక, గుంతల దారిని బండి కుదుపులకు తాళలేక, ఆసుపత్రి చేరకమునుపే ప్రాణములు విడుచుచుండుటను, శిక్షణ పొందిన నర్సగు ఎల్సీ కనిపెట్టెను. అందుచేత ఆ యిరువురును దళమును వీడి, పెర్వైజ్ అను శిథిలగ్రామమున, కందకములకు కూతవేటు దూరమున, ఒక యింటి నేలమాళిగలో చికిత్సాస్థానము నెలకొల్పిరి. క్షతగాత్రునకు కట్టు కట్టి, వెచ్చని పానీయమిచ్చి, ప్రాణము కొంత నిలద్రొక్కుకొన్న పిమ్మటనే బండి యెక్కించుట వారి పద్ధతి. వేగమే సర్వస్వమనుకొను మనము ఒక్కింత ఆగి యోచింపదగిన పద్ధతి యిది.

ఇక ఆ బండి ప్రయాణమో! దీపము వెలిగించినచో శత్రుఫిరంగులకు గురియగును గనుక, మైరీ కారుచీకటిలో, గుండ్లు తవ్విన గోతులతోను బురదతోను నిండిన రాతిబాటపై, ఎదురుగా కందకములకు సాగు సైనికులను, ఫిరంగిబండ్లను తప్పించుకొనుచు, వెనుక మూలుగుచున్నవానికి కుదుపు తగులకుండునట్లు చక్రము త్రిప్పుచుండెను.

బెల్జియము రాజు ఆల్బర్టు 1915లో వారిని రెండవ లియోపోల్డు పేరిటి పతకముతో గౌరవించెను. ఉభయసేనల నడిమి నేలపై కూలిన విమానచోదకుని రక్షించినందులకు 1917లో బ్రిటిషువారి మిలిటరీ మెడల్ లభించెను. ఆ సాహసమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. అయినను, చూచువారెవ్వరును లేని ఆ రాత్రుల బండిచోదనమే అంతకంటె ఘనతరమని నా నిశ్చయము. ఒక్కనాటి తెగువ ఆవేశముచేతనైనను కలుగవచ్చును. మరునాటి రాత్రి మరల అదే బాటను పట్టుటకు ఆవేశము చాలదు. 1918లో విషవాయువు ఇరువురిని బాధించువరకును ఆ సేవ సాగెను. యుద్ధానంతరమున మైరీ కోళ్ల పెంపకమున దిగి, 1981 వరకు జీవించెను. కీర్తిని పట్టుకొని వ్రేలాడని యీ లక్షణము నాకెంతయు నచ్చినది.

మెనిన్ ద్వారమను యుద్ధస్మారకముపై చెక్కిన, ఆ సంగ్రామమున మరణించిన భారతీయ సైనికుల నామములను చూడ బెల్జియమందలి ఈప్ర్ నగరమునకు బోవు మనవారు, అచ్చట 2014లో ప్రతిష్ఠితమైన ఈ స్నేహితురాండ్ర విగ్రహమును గూడ దర్శించి రావలెను.